వెనక బ్రేకు ఎందుకు వదలదు?

2022 జులై వరదలో మా మావయ్య తన బండిని ఏటిగట్టు మీదికి చేర్చే సరికే ఊళ్లోకి నీళ్లు వచ్చేశాయి. వెనక హబ్ (చక్రం మధ్యనుండే, బ్రేకు ఉన్న భాగం) మునిగేంత లోతులో తోసుకుంటూ తీసుకెళ్లి, గట్టు మీద పెట్టి, టార్పాలిన్ కప్పాడు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు. ఆ ఏడు గోదావరి దాన్ని కూడా దాటి, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. లంకలో నీళ్లు తీసి, ఇంట్లో బురద ఎత్తిపోసుకుని, మళ్లీ బండి సంగతి చూడటానికి వారం పట్టింది. ఇంజిన్ రెండో కిక్కుకే అందుకుంది. గేరు వేసి క్లచ్ వదిలితే మాత్రం బండి ముక్కి ఆగిపోయింది. దిగి తోస్తే వెనక చక్రం తిరగలేదు. బురదలో నాగలి చాలు తీసినట్టు గీత పడింది.

“ఆయ్, బ్రేకు పట్టేసిందండి. నట్టు లూజు చేసెయ్యండి,” అన్నాడు పక్కన ట్రాక్టరు కడుక్కుంటున్న కుర్రాడు. నట్టు లూజు చేసినా వదల్లేదు. రాయి తీసుకుని బ్రేక్ ఆర్మ్ మీద రెండు దెబ్బలు వేస్తే టక్కుమని వదిలింది. ఆ లూజు నట్టుతోనే మావయ్య నెల రోజులు తిరిగాడు. ఒకరోజు రావులపాలెం మార్కెట్టుకు అరటి గెలలు వేసుకెళ్లి వచ్చి, “బండి లాగట్లేదురా, పెట్రోలు తాగేస్తోంది” అన్నాడు. చెంబులో నీళ్లు తీసుకుని హబ్ మీద నాలుగు చుక్కలు చిలకరించాను. అట్లపెనం మీద పడ్డట్టు చుయ్యిమన్నాయి.

వర్షాకాలం దాటాక మన వైపు ఏ మెకానిక్ షెడ్డుకి వెళ్లినా బ్రేకు పట్టేసిందన్న మాట వినిపిస్తుంది. చాలామందికి తెలిసిన మందు ఒక్కటే, నట్టు లూజు చేయడం. అది చాలాసార్లు మందు కాదు, జబ్బుని కప్పేసే దుప్పటి. అసలు తప్పు ఎక్కడుందో ఒక్కో కీలూ విడదీసుకుంటూ పట్టుకోవచ్చు. అందుకు ముందు బ్రేకు ఎలా వదులుతుందో తెలియాలి.

తొక్కడానికి కాలు, వదలడానికి స్ప్రింగు

బ్రేకుకు పట్టడం ఒక పని, వదలడం ఇంకో పని. మనం పరీక్షించేది మొదటిదాన్నే. షాపులో బండి తీసుకునేటప్పుడు ఒకసారి తొక్కి, ఆగిందా లేదా చూసి, డబ్బులిచ్చేస్తాం. వదిలిందా లేదా ఎవరూ చూడరు.

వంద సీసీ బళ్లలో ఎక్కువగా ఉండేది డ్రమ్ బ్రేకు. పెడల్ తొక్కితే ఇనుప రాడ్ ముందుకు లాగుతుంది. రాడ్ చివరున్న బ్రేక్ ఆర్మ్ తిరుగుతుంది. ఆర్మ్ బిగించి ఉన్న షాఫ్ట్ బ్రేక్ ప్లేటులోంచి డ్రమ్ లోపలికి వెళ్తుంది. ఆ షాఫ్ట్ చివర రెండు పక్కలా చదునుగా ఉండే ముక్కే కామ్. కామ్ అడ్డం తిరిగినప్పుడు అర్ధచంద్రాకారంలో ఉన్న రెండు షూలూ విచ్చుకుని డ్రమ్ గోడకు ఒరుసుకుంటాయి. బండి ఆగుతుంది.

ఇదంతా కాలి బలంతో జరిగే పని. మనిషి కాలు 40, 50 కిలోల బరువుతో సునాయాసంగా తొక్కుతుంది. దానికి తోడు పెడల్, ఆర్మ్ రెండూ మీటల్లా పనిచేసి ఆ బలాన్ని ఇంకా పెంచుతాయి. కామ్ కాస్త తుప్పు పట్టినా కాలు దాన్ని తిప్పేస్తుంది, మనకి తేడా తెలియదు. కాలు తీశాక ఇదంతా వెనక్కి రావాలి. ఆ పనికి ఉన్నవి మూడు నాలుగు చిన్న స్ప్రింగులు. పెడల్ దగ్గర ఒకటి, రాడ్ మీద ఒకటి, డ్రమ్ లోపల రెండు షూలనీ దగ్గరికి లాగి ఉంచేవి ఒకటో రెండో. కాలితో పోలిస్తే వాటి బలం చాలా తక్కువ. అందుకే తుప్పైనా, ఒండ్రు మట్టైనా, ఎండిపోయిన గ్రీజైనా ముందు చెడగొట్టేది వదలడాన్నే. పట్టడం చివరిదాకా బాగానే ఉంటుంది. పట్టేసిన బ్రేకు మనల్ని మోసం చేసేది ఇక్కడే.

నట్టు లూజు చేయడం ఎందుకు మందు కాదో కూడా ఇక్కడే తెలుస్తుంది. రాడ్ చివరుండే ఆ నట్టు తిప్పితే మారేది రాడ్ పొడవు మాత్రమే. కామ్ బిగుసుకుపోయి ఉంటే, రాడ్ ఎంత పొడవు చేసినా అది మనం ఎక్కడ వదిలితే అక్కడే నిలబడిపోతుంది. పైగా పెడల్‌కి ఆట పెరుగుతుంది. అవసరానికి తొక్కినప్పుడు సగం దూరం ఊరికే దిగుతుంది. మావయ్య బండి రెండు కష్టాలూ పడింది. మామూలుగా వెళ్తుంటే బ్రేకు ఒరుసుకునేది, నిజంగా ఆపాల్సి వస్తే ఆలస్యంగా పట్టేది.

ఈ ఒరుసుకోవడం చిన్న విషయమని అనుకోకండి. టైరు దగ్గర రెండు కిలోల బరువు వేలాడదీసినంత అడ్డు ఉందనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 220 వాట్ల వేడి. పాతకాలపు 100 వాట్ల బల్బులు రెండు హబ్‌లో పెట్టి మూత వేసినట్టు. ఆ వేడికి షూల లైనింగ్ అద్దంలా మెరుగెక్కి పట్టు కోల్పోతుంది, పక్కనున్న బేరింగులో గ్రీజు కరిగి కారిపోతుంది. ఆ 220 వాట్లూ మనం డబ్బు పెట్టి కొన్న పెట్రోలు నుంచి పోయేవే.

ముందు, ఇది బ్రేకేనా?

బండి బరువుగా ఉంటే తప్పంతా బ్రేకుదే కానక్కర్లేదు. టైర్లో గాలి తగ్గినా, చైన్ మరీ బిగిసినా, బేరింగ్ పోయినా ఇలాగే ఉంటుంది. పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు వీలైనంత తక్కువ వాడి, ఆపగానే రెండు హబ్‌ల దగ్గరికీ అరచెయ్యి పోనివ్వండి. ముట్టుకోవద్దు, ముందు దగ్గర పెట్టి సెగ చూడండి. ముందుది గోరువెచ్చగా ఉండి వెనకది సెగలు కక్కుతుంటే బ్రేకు మీద అనుమానం బలపడుతుంది.

తర్వాత సెంటర్ స్టాండు వేసి న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. చైన్ లాగుడు ఉంటుంది కాబట్టి సైకిల్ చక్రంలా తిరుగుతూనే ఉండదు, ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగినా ఫరవాలేదు. చెవి పెట్టి వినండి. చుట్టు పొడుగునా సన్నగా సర్రుమని ఒకే రకంగా వినిపిస్తే షూ తేలిగ్గా తగులుతోందని అర్థం. అంతవరకూ కంగారు లేదు. చుట్టుకి ఒక్కసారి, ఒకే చోట ‘కర్ర్’ మంటే డ్రమ్ గుండ్రం తప్పిందనో, లోపల ఒక చోట తుప్పు లేచిందనో అనుకోవాలి. గరగరమని గులకరాళ్ల చప్పుడు చేతికి కూడా తెలుస్తుంటే బేరింగ్.

ఇంకో గుర్తు వెనక వచ్చేవాళ్లు చెబుతారు. “ఏవండీ, మీ బ్రేకు లైటు వెలుగుతూనే ఉంది” అని ఎవరైనా అరిస్తే థాంక్స్ చెప్పి ఆగండి. ఆ లైటు స్విచ్చి పెడల్‌కే కట్టి ఉంటుంది. లైటు ఆరలేదంటే పెడల్ పూర్తిగా పైకి రాలేదేమో చూడాలి. లైటు ఆరిపోయిందని బ్రేకు వదిలినట్టు కాదు, అది వేరే సంగతి. పెడల్ పైకి వచ్చినా లోపల కామ్ బిగుసుకుని ఉండొచ్చు.

చెప్పులతో నడుపుతూ పాదం పెడల్ మీదే ఆనించే అలవాటు చాలామందికి ఉంది. అదొక్కటి చూసుకుని తర్వాత పానాలు తియ్యండి.

రాడ్ విప్పితే సగం తేలిపోతుంది

ఇప్పుడు అసలు పరీక్ష. చక్రం బిగుసుకుని ఉన్నప్పుడే రాడ్ చివరి నట్టు పూర్తిగా తీసి, రాడ్‌ని ఆర్మ్ నుంచి బయటికి లాగేయండి. చిన్న పిన్ను, స్ప్రింగు జాగ్రత్తగా ఒక గుడ్డలో పెట్టుకోండి. ఇప్పుడు చక్రం తిప్పి చూడండి.

చక్రం ఫ్రీ అయిపోయిందా? అయితే డ్రమ్ లోపల తప్పు లేదు. పెడల్ నుంచి రాడ్ దాకా ఎక్కడో ఉంది. చక్రం ఇంకా పట్టే ఉందా? అయితే పెడల్ జోలికి వెళ్లక్కర్లేదు, తప్పు కామ్ నుంచి లోపలికి ఉంది. ఈ ఒక్క పనితో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది. ఇది చేయకుండా నేరుగా షూలు మార్చేసేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. కొత్త షూలు పాతవాటికంటే మందంగా ఉంటాయి కాబట్టి, బిగిసిన కామ్ మీద వాటిని ఎక్కిస్తే పట్టు ఇంకా ఎక్కువవుతుంది.

పెడల్ వైపు తప్పుంటే ఎక్కువగా దాని పివట్ దగ్గరే, అంటే అది తిరిగే కీలు దగ్గరే. ముందు చక్రం చిమ్మే బురద తిన్నగా వచ్చి పడేది అక్కడికే. రాడ్ విప్పి ఉన్నప్పుడే పెడల్‌ని చేత్తో నొక్కి వదలండి. టపీమని పైకి రావాలి. బద్ధకంగా లేస్తే పెడల్ ఊడదీసి, షాఫ్ట్‌ని ఎమెరీ కాగితంతో రుద్ది, తుడిచి, గ్రీజు పెట్టి బిగించాలి. కింద స్ప్రింగు సాగిందా, తుప్పుకి సన్నబడిందా చూడండి. బండి పడ్డప్పుడు పెడల్ వంగి ఫుట్‌రెస్టుకో సైలెన్సరుకో తగులుతుంటే, ఎంత గ్రీజు పెట్టినా పైకి రాదు.

రాడ్ మీద ఉండాల్సిన స్ప్రింగు చాలా బళ్లకి ఉండదు. రాత్రిపూట పంక్చర్ వేయించుకున్నప్పుడు చక్రం దించుతారు, నట్టు దొరుకుతుంది, స్ప్రింగు ఇసుకలో కలిసిపోతుంది. ఆర్మ్‌ని వెనక్కి నెట్టాల్సింది ఆ స్ప్రింగే. చాలా తక్కువ ధరకే దొరుకుతుంది, అది లేకుండా బండి నడపొద్దు.

అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు చైన్ దగ్గర జరుగుతుంది. చైన్ లూజైందని వెనక చక్రాన్ని రెండు అడ్జస్టర్లతో వెనక్కి జరుపుతాం. చక్రంతోపాటు బ్రేక్ ఆర్మ్ కూడా వెనక్కి వెళ్తుంది. రాడ్ పొడవు మారలేదు కాబట్టి ఆర్మ్‌ని అది ముందుకు లాగి పట్టుకున్నట్టవుతుంది. అంటే చైన్ బిగించిన ప్రతిసారీ, మనం ముట్టుకోకుండానే వెనక బ్రేకు కూడా బిగుస్తుంది. “నిన్న చైన్ టైటు చేయించాను, ఇవాళ బండి లాగట్లేదు” అనేవాళ్ల సమస్య ఇదే. వీళ్ల విషయంలో మాత్రం నట్టు లూజు చేయడమే సరైన మందు. చాలా వంద సీసీ బళ్ల మాన్యువల్ ప్రకారం పెడల్ చివర 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఊరికే దిగాలి, ఆ తర్వాత బ్రేకు అందుకోవాలి. సుమారు వేలెడు వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. ముందు చైన్, తర్వాత బ్రేకు, ఆ వరసలోనే చేయాలి.

మన వైపు ఈ కొలత బరువుతో కూడా చూడటం మంచిది. అరటి గెలలు, కొబ్బరికాయల బస్తా, చెరువుకి మేత బస్తాలు వేసినప్పుడు వెనక భాగం కిందికి కుంగుతుంది. పెడల్ తిరిగే చోటు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ తిరిగే చోటు ఒకటి కాకపోవడం వల్ల కొన్ని బళ్లకి ఆ కుంగుడులో రాడ్ బిగుస్తుంది. ఖాళీ బండికి ఆట బొటాబొటీగా పెట్టుకుంటే బరువేసినప్పుడు ఒరుసుకుంటుంది. ఒక మనిషిని వెనక కూర్చోబెట్టి, ఇంకొకరితో పెడల్ నొక్కించి చూసుకోండి.

డ్రమ్ లోపల

మావయ్య బండికి రాడ్ విప్పినా చక్రం పట్టే ఉంది. కాబట్టి చక్రం దించాం. బ్రేక్ ప్లేటు బయటికి లాగేసరికి లోపల కనిపించింది గోదావరే. మెత్తటి ఒండ్రు, వేడికి కాలిపోయి, కుమ్మరి ఆవంలోంచి తీసిన పెంకులా షూల అంచుల్లో గట్టిపడింది. కామ్ షాఫ్ట్ చుట్టూ కాషాయం రంగు తుప్పు. గోరుతో గీకితే పొరలుగా లేచింది. షాఫ్ట్‌కీ దాని రంధ్రానికీ మధ్య ఉండే సందు వెంట్రుకవాసి. ఇనుము తుప్పుగా మారితే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ వెంట్రుకవాసి సందు పూడిపోవడానికి పెద్ద తుప్పేమీ అక్కర్లేదు.

ఈ తుప్పు వరదకే రావాలని లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు చక్రం నీళ్లలోకి దిగుతుంది. సముద్రానికి దగ్గర కావడంతో అక్కడ పోటు సమయంలో ఉప్పునీరు పైకి వస్తుంది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బళ్లదీ, కారుతున్న ఐసు పెట్టెలు మోసే బళ్లదీ అదే పరిస్థితి. ఉప్పు తగిలిన ఇనుము మామూలు నీళ్లకంటే చాలా త్వరగా తుప్పు పడుతుంది. ఇక వాటర్ సర్వీసింగ్‌లో పైపుని హబ్ సందులోకి గురిపెట్టి కొట్టడం మనమే డబ్బిచ్చి చేయించుకునే వరద. కడిగించాక బండిని అలాగే పెట్టేయకండి. ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడుపుతూ, మధ్యమధ్యలో బ్రేకు తేలిగ్గా తొక్కితే లోపల తడి ఆరుతుంది. తడిసిన మర్నాడు పొద్దున్న ‘టక్’మని ఒకసారి వదిలి ఆ తర్వాత మామూలుగా ఉంటే, డ్రమ్ మీద పైపైన తుప్పు పట్టిందని అర్థం. అది నడుస్తుంటే పోతుంది.

లోపలున్న ధూళిని నోటితో ఊదొద్దు, గాలి పైపుతో కొట్టించొద్దు. కొన్ని లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. లేదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప, ఉందనుకునే పని చేయండి. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయాలి. షెడ్లలో పనిచేసే చిన్న కుర్రాళ్లు రోజుకి పది డ్రమ్ములు ఊదుతుంటారు. వాళ్లకి ఈ మాట ఒకసారి నచ్చజెప్పండి.

షూలు రెండూ పుస్తకం మడిచినట్టు మధ్యకి ఎత్తి తీసేయొచ్చు. ఆర్మ్ తీసే ముందు, ఆర్మ్ మీదా షాఫ్ట్ చివరా ఉన్న చుక్క గుర్తులు చూసుకోండి. లేకపోతే మీరే గీత పెట్టుకోండి. ఆ తర్వాత కామ్‌ని బయటికి తీయాలి. మావయ్య బండిది చేతికి రాలేదు. సందులో కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు కొయ్యముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తడితే ఊడింది. కిరసనాయిలైనా, స్ప్రే నూనెలైనా షూలు తీసేశాకే వాడాలి. షూలు లోపల ఉండగా సందులోంచి నూనె పోసేవాళ్లున్నారు. బ్రేకు వదులుతుంది నిజమే, మళ్లీ పట్టదు. నూనె పీల్చుకున్న లైనింగ్‌ని ఎండబెట్టినా, రుద్దినా బాగుపడదు, మార్చేయాల్సిందే.

షాఫ్ట్‌నీ, దాని రంధ్రాన్నీ ఎమెరీతో మెరిసేదాకా రుద్ది తుడిచాక, కామ్‌ని ఊరికే దూర్చి రెండు వేళ్లతో తిప్పండి. నూనె పెట్టిన గొళ్లెంలా తిరగాలి. ఎక్కడా ఆగకూడదు. అప్పుడు వేడికి కరగని గ్రీజు షాఫ్ట్‌కి పలచగా పట్టించండి. కామ్ ముఖాలకీ, అవతలి కొస షూలు ఆనుకునే పిన్నుకీ కాటుక పెట్టినంత చాలు. ఎక్కువైతే వేడికి కరిగి లైనింగ్ మీదికి పాకుతుంది. షాఫ్ట్ బయటి వైపు ఉండే బురద సీలు పాడైతే కొత్తది వేయండి. ఫెల్ట్ సీలైతే ఇంజిన్ ఆయిల్ రెండు చుక్కలు తాగించి పెట్టాలి. నీళ్లని ఆపే తలుపు అదొక్కటే.

లైనింగ్ మందం చాలా చిన్న బళ్లకి 2 మిల్లీమీటర్లకి తగ్గితే మార్చాలి. ఆర్మ్ దగ్గరున్న బాణం గుర్తు ఇది చక్రం విప్పకుండానే చెబుతుంది. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు బాణం ప్లేటు మీది గీతకి చేరితే లైనింగ్ అయిపోయినట్టే. కొందరు అప్పుడు షూలు మార్చకుండా ఆర్మ్ ఊడదీసి, షాఫ్ట్ చివరుండే పళ్ల మీద ఒక పన్ను పక్కకి జరిపి బిగిస్తారు. ఇంకో నెల గడుస్తుంది. కానీ అరిగిన లైనింగ్‌తో కామ్ మరీ అడ్డంగా తిరిగిపోతుంది, ఇక వెనక్కి తిరగలేక అక్కడే నిలబడిపోవచ్చు. నడుస్తున్న బండికి వెనక చక్రం బిగుసుకుపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ పన్ను జరిపే పని ఎవరు చేస్తానన్నా వద్దనండి.

షూల స్ప్రింగులు కొత్తవాటి పక్కన పెట్టి చూడండి. చుట్ల మధ్య సందు కనిపిస్తే సాగినట్టే. డ్రమ్ లోపలి కొలత ఎంతవరకు అరగొచ్చో దాని మీదే పోత పోసి ఉంటుంది. అంచున తుప్పు గట్టుకట్టి షూకి తగులుతుంటే గీకేయాలి.

చక్రం దించినప్పుడు యాక్సిల్ చుట్టూ కూడా చూడండి. కోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. ఆ గడ్డి, బస్తాలు కుట్టే ప్లాస్టిక్ దారం, కొబ్బరి పీచు హబ్‌కీ ప్లేటుకీ మధ్య సందులో చుట్టుకుని తాడులా బిగుస్తాయి. బయటికి కనిపించవు. ఒకసారి మా పక్కింటాయన బండిలోంచి మూరెడు తాడు లాగాను. బ్రేకులో ఏ తప్పూ లేదు.

తిరిగి బిగించేటప్పుడు ఒక చిన్న కిటుకు ఉంది. నాకు తెలిసి సగం షాపుల్లో చేయరు. యాక్సిల్ నట్టు చివరి బిగింపుకి ముందు రాడ్ తగిలించి, బ్రేక్ పెడల్‌ని గట్టిగా తొక్కి పట్టుకోవాలి. అలా పట్టుకునే యాక్సిల్ నట్టు బిగించాలి. షూలు డ్రమ్‌ని పట్టుకోవడంతో ప్లేటు తనంతట తానే మధ్యకి సర్దుకుంటుంది. ఇలా చేయకపోతే ప్లేటు ఒక పక్కకి ఒరిగి ఒక షూ ఎప్పుడూ తగులుతూ ఉంటుంది. ప్లేటుని తిరగకుండా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ ఉన్న బళ్లలో దాని బోల్టు, నట్టుకుండే స్ప్లిట్ పిన్ను తప్పకుండా చూడాలి. ఆ బోల్టు ఊడితే బ్రేకు తొక్కగానే ప్లేటు మొత్తం చక్రంతోపాటు తిరిగి, రాడ్‌ని మెలిపెట్టి, చక్రాన్ని ఆపేస్తుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బళ్లకి కంబైన్డ్ బ్రేకు గానీ, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) గానీ తప్పనిసరి చేశారు. కంబైన్డ్ బ్రేకులో వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. డ్రమ్ బళ్లలో ఆ పని చేసేది ఒక కేబుల్. దాని తొడుగులోకి నీళ్లు దిగి తుప్పు పడితే పెడల్ వెనక్కి రాకపోవచ్చు, లేదా వెనక బ్రేకు వదిలి ముందుది పట్టే ఉండొచ్చు. ఇలాంటి బండికి రెండు చక్రాలూ తిప్పి చూడాలి.

వెనక డిస్కు ఉంటే

డిస్కు బ్రేకులో పెడల్ తొక్కితే బ్రేకు ఫ్లూయిడ్ అనే ద్రవం ఒత్తిడికి క్యాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరిగి, ప్యాడ్లని డిస్కుకి ఒత్తుతుంది. వెనక్కి లాగే స్ప్రింగులు ఇక్కడ లేవు. పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు రబ్బరు సీలు, ఒత్తిడి పడ్డప్పుడు కాస్త మెలితిరిగి, ఒత్తిడి పోగానే యథాస్థితికి వస్తూ పిస్టన్‌ని ఒక వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. వదలడమంటే అంతే. అందుకే పిస్టన్ మీద బురద ఎండినా, క్యాలిపర్ జారే పిన్నులు ఎండిపోయినా ప్యాడ్లు డిస్కుకి అంటుకునే ఉంటాయి.

ఇక్కడా విడదీసే పరీక్ష ఉంది. చక్రం బిగుసుకుని ఉన్నప్పుడు క్యాలిపర్ మీద ఫ్లూయిడ్‌ని బయటికి వదిలే బ్లీడ్ నిపుల్‌కి గొట్టం తగిలించి కొద్దిగా తెరవండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే లోపల ఒత్తిడి చిక్కుకుని ఉందన్నమాట. తప్పు పైన, పెడల్ దగ్గర ఫ్లూయిడ్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌లోనో, దాని గొట్టమైన హోస్‌లోనో ఉంది. తెరిచినా చక్రం వదలకపోతే తప్పు క్యాలిపర్‌లోనే ఉంది.

మాస్టర్ సిలిండర్‌లో సూదిమొన అంత రంధ్రం ఒకటుంటుంది. వేడికి ఉబ్బిన ఫ్లూయిడ్ దాని గుండానే డబ్బాలోకి తిరిగి వెళ్తుంది. పాత ఫ్లూయిడ్ మడ్డి ఆ రంధ్రాన్ని మూసినా, పెడల్‌కి ఆట లేకుండా పుష్ రాడ్ బిగించినా దారి మూసుకుపోతుంది. అప్పుడు బండి నడిచే కొద్దీ ఫ్లూయిడ్ వేడెక్కి ఉబ్బి బ్రేకుని బిగిస్తుంది, బిగిసే కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. బయల్దేరినప్పుడు బాగానే ఉండి, పదిహేను కిలోమీటర్లకి చక్రం పట్టేసి, టీ తాగి వచ్చేసరికి దానంతటదే వదిలేస్తే, ముందు అనుమానించాల్సింది దీన్నే.

బ్రేకు ఫ్లూయిడ్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకి దిగుతుంది. మన డెల్టా గాలిలో తేమకి కొదవలేదు కాబట్టి, రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చడం ఇక్కడ వాయిదా వేయదగ్గ పని కాదు. పిస్టన్, పిన్నుల రబ్బర్లకి మామూలు గ్రీజు రాస్తే అవి ఉబ్బిపోతాయి. సిలికాన్ గ్రీజే వాడాలి. క్యాలిపర్ పిస్టన్ ఊడదీసే పని ముందెప్పుడూ చేయకపోతే ఒంటరిగా మొదలుపెట్టొద్దు, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోండి.

దారిలో పట్టేస్తే

కాలువ గట్టు మీద, చీకటి పడే వేళ బ్రేకు పట్టేస్తే టెన్షన్ పడి నీళ్లు పోయకండి. సెగలు కక్కే డ్రమ్ మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు పడితే అది వంకరపోవచ్చు, బీట వేయొచ్చు. అరగంట ఆరనివ్వండి. డ్రమ్ బ్రేకైతే నట్టు నాలుగు చుట్లు లూజు చేసి, ఆర్మ్‌ని చేత్తో వెనక్కి నెట్టి, ముందు బ్రేకు మీద నెమ్మదిగా ఇంటికి చేరండి. వెనక పెడల్ మళ్లీ తొక్కితే మళ్లీ పట్టేస్తుందని గుర్తుంచుకోండి. డిస్కైతే, ఆరాక చక్రం ఫ్రీగా తిరిగితేనే కదలండి.

మావయ్య బండికి చివరికి మార్చింది షూల జత, రెండు స్ప్రింగులు, ఒక సీలు. కామ్ పాతదే. బిగించాక కొత్త షూలు డ్రమ్‌కి సర్దుకునే దాకా వందా నూట యాభై కిలోమీటర్లు గట్టిగా తొక్కొద్దని చెప్పాను. తర్వాతి వారం మళ్లీ గెలలు వేసుకుని రావులపాలెం వెళ్లొచ్చి, వాకిట్లో బండి ఆపి, హబ్ మీద అరచెయ్యి పెట్టి, తీయకుండా నా వైపు చూశాడు.

ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక, పొలం పనులు లేని రోజుల్లో, ఆ వెనక చక్రం ఇద్దరం కలిసి దించుతున్నాం. కిందటిసారి కామ్ సుత్తి తగలకుండా చేతికే ఊడి వచ్చింది.